వంటింట్లో నుంచి జవాబు

మా నాయన ఇంగ్లీషు అయ్యవారు. ఆయన ఉద్యోగం దాదాపు మొత్తం ఉదయగిరిలోనే గడిచిపోయింది. బదిలీ అయిన ప్రతిసారీ ఎవరెవరినో పట్టుకుని మళ్ళీ అక్కడికే వచ్చేవాడు. కొండ కనిపించకపోతే ఆయనకి అన్నం సయించదని అమ్మ ఎగతాళి చేసేది. ఆ ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో, నాయన దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకోని ఇల్లు తక్కువ. నేర్చుకోని మనిషి మా ఇంట్లోనే ఉండేది. అది మా అమ్మ. ఆమెకి నేర్పాలని ఆయనకి తోచలేదు, నేర్చుకోవాలని ఆమెకీ తోచలేదు. ఆమె వంటింట్లో ఉండేది, ఆయన వసారాలో ఉండేవాడు. మధ్యలో ఒక గోడ, ఆ గోడకి తలుపు లేని వాకిలి.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు మా వసారాలో చేరేవాళ్ళు. దుత్తలూరు వైపు పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు, గొర్రెలు మేకలు ఉన్న ఇళ్ళ పిల్లలు, భూములున్న రెడ్ల పిల్లలు, అందరూ ఒకే చాప మీద. నేనూ వాళ్ళలో కూర్చునేదాన్ని. కూతురినని నాకు మినహాయింపేమీ లేదు, పైగా అందరికంటే నా మీదే ఎక్కువ కేకలు.

ఇంగ్లీషులో నాయనకి అన్నిటికంటే ఇష్టమైనవి ఒక రకం వాక్యాలు. ఐ సా హిమ్ గోయింగ్, అతను పోతుంటే చూశాను. ఐ హర్డ్ హర్ సింగింగ్, ఆమె పాడుతుంటే విన్నాను. వి ఫౌండ్ దెమ్ స్లీపింగ్, వాళ్ళు నిద్రపోతూ మాకు కనిపించారు. దే కెప్ట్ మి వెయిటింగ్, వాళ్ళు నన్ను కాచుకుని కూర్చునేట్టు చేశారు. పాఠం ఏదైనా సరే, చివరికి తిరిగి తిరిగి వీటి దగ్గరికే వచ్చేవాడు.

"ఈ వాక్యంలో ఇద్దురుంటార్రా," అనేవాడు. "ఒకరు పనిలో ఉంటారు. ఇంకొకరు వాళ్ళని గమనిస్తా ఉంటారు. పనిలో ఉండేవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అర్థమయిందా?"

అయిందని అందరం తలలూపేవాళ్ళం. నాకైతే ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఆయన బెత్తం పట్టేవాడు కాదు. వసారాలోకి వస్తూ వస్తూ వంటింట్లోంచి అమ్మ గరిటె తెచ్చుకునేవాడు. ఉదయగిరి చెక్క గరిటె, మా ఊళ్ళో చేసేదే, పొడుగు కాడది. సగం వాక్యం ఆయన అనేవాడు. "ఐ సా హిమ్..." అని సాగదీసి, గరిటెతో స్తంభం మీద టక్కుమనిపించేవాడు. మిగతా సగం మేమందరం ఒక్క గొంతుతో అరవాలి. "గో...యింగ్!" ఎంత సాగదీయాలో, ఎక్కడ దించాలో దానికొక రాగం ఉండేది. ఆ రాగం తప్పితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. బాగా కుదిరితే "గుడ్, సిట్ డౌన్" అనేవాడు. అప్పుడు కూర్చోవాలి. కొండ కింద నుంచి మేకలు తోలుకొచ్చే పిల్లలు, బడి మొహం చూడని వాళ్ళు, వాళ్ళు కూడా రోడ్డు మీద నుంచే "గోయింగ్" అని ఒక కేక పెట్టి పోయేవాళ్ళు. నాయన వాళ్ళకి కూడా గుడ్ అనేవాడు.

ఇదంతా అయ్యేదాకా వంటింట్లో అమ్మకి గరిటె ఉండదు.

"ఆ గరిటె ఇచ్చి పాఠం చెప్పుకోయ్యా, పప్పు అడుగంటతా ఉండాది," అని లోపల్నుంచి అరిచేది.

"ఇదిగో, ఇంకొక్క వాక్యం," అనేవాడు నాయన.

ఆయన ఆమెని పిలిచేది అట్లాగే. ఇదిగో. మంచినీళ్ళు కావాలన్నా ఇదిగో, కోపమొచ్చినా ఇదిగో, ఊరికి పోతూ వాకిట్లో నిలబడి చెప్పినా ఇదిగో. ఆమె పేరు ఆయన నోట నేను వినలేదు. ఆ రెండో ఇదిగోకి, మూడో ఇదిగోకి తేడా అమ్మకి తెలిసేది. ఏ ఇదిగోకి లేవాలో, ఏ ఇదిగోకి లేవకపోయినా ఫరవాలేదో ఆమెకి బాగా తెలుసు.

రిటైరయ్యాక వాళ్ళు ఆత్మకూరుకి వచ్చారు. నేను అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్తాను. మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్ళకి చిన్న ఇల్లు దొరికింది. ఉదయగిరి నుంచి సామాను తెచ్చేటప్పుడు అమ్మ చాలా వదిలేసింది గానీ గరిటె మాత్రం తెచ్చింది. "ఇప్పుడన్నా ఇది నాది," అని కొత్త ఇంట్లో మేకుకి తగిలించింది. ఆయన నవ్వాడు. కొన్నాళ్ళు నిజంగానే అది ఆమెదిగా ఉంది.

ఒకరోజు పొద్దున పెరట్లో కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నాయన పక్కకి ఒరిగిపోయాడు. నెల్లూరుకి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. ఊరంతా మాటలు పంచిన మనిషి నోట్లో ఒక్క ముక్క మిగలలేదు. నేను ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. చెయ్యి తీసుకుంటే తీసుకో, కాలు తీసుకుంటే తీసుకో, ఆ మాట జోలికి ఎందుకొచ్చావని ఎవరితో పోట్లాడాలో తెలియక నర్సుతో పోట్లాడాను.

ఇంటికొచ్చాక ముందు గదిలో మంచం వేశాం. వీధి కనిపిస్తే కాస్త పొద్దుపోతుందని తల వంటింటి వైపు, కాళ్ళు వీధి వైపు ఉండేట్టు వేశాం. అందువల్ల వంటిల్లు ఆయన తల వెనక పడింది. అమ్మ ఎదురుగా వచ్చి నిలబడితేనే ఆయనకి కనిపించేది.

చాలా రోజులు అట్లాగే గడిచాయి. ఆమె కబుర్లు చెప్పేది, ఆయన వీధిలోకి చూసేవాడు. అప్పుడు ఒక సాయంత్రం, పిల్లలు బడి నుంచి ఇళ్ళకి పోతున్న వేళ, ఉన్నట్టుండి గొంతు పెగిలింది.

"ఐ సా హిమ్..."

నేను అక్కడే ఉన్నాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన ఎడం చెయ్యి గాలిలో లేచి ఉంది. మళ్ళీ అన్నాడు. చెయ్యి అట్లాగే ఆగి ఉంది. మా ఇద్దరి వైపూ ఏదో కావాలన్నట్టు చూశాడు, కాసేపటికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏందంటాడే?" అంది అమ్మ.

"నేను అతన్ని చూసినాను అంటాండాడు."

"ఎవుర్ని?"

ఎవరినో మాకేం తెలుసు? పాలవాడినా, పక్కింటాయననా అని అడిగాం. ప్రతి పేరుకీ ఆయన కళ్ళు ఇంకా తడిశాయి. మరుసటి రోజూ అదే మాట, అదే వేళకి, అదే ఏడుపు. ఆ వారం జలదంకి నుంచి మా మేనత్త చూడ్డానికొచ్చింది. నాయనకి పెద్దక్క. మంచం పక్కన కూర్చుని, తమ్ముడి మాటకి అర్థం నాచేత చెప్పించుకుని, వీధి వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా నాయనే. ఇంకెవురు? పిలవడానికొచ్చుంటాడు."

అమ్మ మొహంలో రక్తం లేదు. మా వైపు ఈ నమ్మకం గట్టిది. మంచం పట్టిన మనిషికి పోయిన పెద్దలు కనిపిస్తే తీసుకుపోవడానికి వచ్చినట్టే. వచ్చిన పెద్దాయన్ని కడుపు నింపి, బతిమాలి, వెనక్కి పంపించాలి. మా తాతకి సద్ద సంగటి, ఎండుచేపల పులుసు, మీద ఒక బీడీ ఉంటే లోకంలో ఇంకేం అక్కర్లేదని మా అత్త చెప్పింది. లెక్కలు చెప్పే నేను, వద్దనాల్సిన నేను, సోమశిల ఎండుచేపల కోసం ఆత్మకూరు సంతంతా తిరిగాను. నాయన పోతాడంటే మనిషి దేనికైనా తిరుగుతుంది.

అమ్మ పెరటి గోడ మీద విస్తరి పరిచింది. సంగటి ముద్ద పెట్టి, పులుసు పోసి, పక్కన బీడీ, అగ్గిపెట్టె పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుని మామగారు ఎదురుగా ఉన్నట్టే మాట్లాడింది.

"మామా, తిని పో. ఆయన్ని ఇంకొన్నాళ్ళు నా దగ్గిర ఉండనీ. నాతో ఒక్క మాట కూడా చెప్పలా ఇంకా. ఆ మాటన్నా చెప్పినాక అప్పుడు చూద్దాం."

కాకులు వచ్చాయి. సంగటి మిగల్లేదు. మా అత్తకి తృప్తిగా ఉంది. సాయంత్రం వేళకి ముందు గదిలోంచి నాయన, "ఐ సా హిమ్..." అన్నాడు.

"ముద్ద చాల్లేదు," అంది మా అత్త. "మా నాయన తిండి మీకు తెలీదు."

నవ్వొచ్చింది నాకు. అంత దుఃఖంలోనూ వచ్చింది. రెండోసారి కూడా పెట్టాం. ఈసారి ముద్ద పెద్దది, బీడీలు కట్ట. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ ఉంది. నేను ఆమె పక్కన గోంగూర వలుస్తున్నాను. ముందు గదిలో నాయన మొదలుపెట్టాడు. "ఐ సా హిమ్..." ఆగాడు. ఎడం చెయ్యి మంచం కోడు మీద పడిన చప్పుడయింది. టక్.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పప్పు వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, ఆ పాత రాగంలో అనేసింది.

"గో...యింగ్."

ముందు గదిలోంచి నాయన గొంతు.

"గుడ్. సిట్ డౌన్."

గోంగూర నా ఒళ్ళోంచి జారి కింద పడింది. ఆయనకి ఎవరూ కనిపించలేదు. మా తాత రాలేదు. నాయన పాఠం చెప్తున్నాడు. సగం చెప్పి, మిగతా సగం కోసం క్లాసు వైపు చూస్తున్నాడు. క్లాసు జవాబు చెప్పడం లేదని ఏడుస్తున్నాడు. అన్నేళ్ళు ఆ చాప మీద కూర్చున్న నాకు తట్టలేదు. గోడవతల నుంచి విన్న ఆమెకి తట్టింది. నిజానికి తట్టడం కూడా కాదు, నోరు దానంతటదే అనేసింది. ఆమెకి ఆ మాటకి అర్థం కూడా తెలియదు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం మా ఇంట్లో బడి. అమ్మ గరిటె తీసుకెళ్ళి ఆయన ఎడం చేతిలో పెట్టేది. తిరిగి వంటింట్లోకి వచ్చి నిలబడేది. జవాబు అక్కడి నుంచే చెప్పాలని ఆమె పట్టుదల. ఎదురుగా నిలబడితే సిగ్గంట. ఆయన ఒక్కొక్క సగమే పంపేవాడు, ఆమె ఒక్కొక్క సగమే తిప్పి పంపేది. గోయింగ్, సింగింగ్, స్లీపింగ్, వెయిటింగ్. అన్నీ వచ్చు ఆమెకి. "గుడ్, సిట్ డౌన్" అని ఆయన అనగానే నిజంగానే పీట మీద కూర్చునేది.

"కాపురం చేసినన్నాళ్ళు నా వంట బాగుందని ఒక్కనాడు అనలా. ఇప్పుడు చూడు, రోజూ గుడ్డే," అని నవ్వేది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. నాయన్ని చూపించడానికి నెల్లూరు పోయినప్పుడు ఈ సంగతి డాక్టరుకి సంబరంగా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

"ఎన్నో ఏళ్ళు పదే పదే అన్న మాటలు ఒక్కోసారి అట్లా మిగిలిపోతాయమ్మా. పాటలు, దేవుడి నామాలు, తిట్లు. ఎదురుగా ఎవరున్నారో తెలిసి అంటున్నారని మాత్రం అనుకోకండి."

అమ్మ పక్కనే ఉంది. తెలుగులోనే చెప్పాడు కాబట్టి ఆమెకి మొత్తం అర్థమయింది.

రెండు రోజులకి, వేరుశనక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "నన్నెవురనుకుంటా ఉండాడే ఆయన?"

"ఎవరనుకుంటాడు, నువ్వనే."

"నేనని ఎట్టా తెలస్తాది? గోయింగ్ అని ఎవురంటే వాళ్ళకి గుడ్ అంటాడు. రోడ్డు మీద మేకలోళ్ళకి కూడా అనినాడు గదా." కాయ పగలగొట్టి గింజలు చేటలో వేసింది. "గుడ్డు నాకెందుకు? ఉండేది నేనని తెలిస్తే చాలు. ఇదిగో అని ఒక్క తూరి అంటే చాలు."

ఆ రోజు నుంచి ఆమెకి అదే ధ్యాస. ఎదురుగా వచ్చి నిలబడి "నేనెవుర్ని?" అని అడిగేది. ఆయన ఆమెని చూసి, "వి ఫౌండ్ దెమ్..." అనేవాడు. పెళ్ళినాటి ఫోటో పట్టుకొచ్చి మొహం ముందు పెట్టింది. ఆయన ఫోటో అంచున ఉన్న ఈగని చూశాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయనకి అన్నం తినిపిస్తూ ఉంది. మిగిలింది నేను నోట్లో వేసుకుంటే ఉప్పు విషం.

"ఏందమ్మా ఇది? వేయాల్సిన ఉప్పేనా?"

"కావాలనే వేసినాను," అంది. "ఉప్పెక్కువైతే కంచం తోసి తిట్టేవాడు గదా. తిడతాడేమోనని చూసినాను."

నాయన తిట్టలేదు. ముద్ద ముద్దకీ నోరు తెరిచి మొత్తం తిన్నాడు. అమ్మ కంచం పట్టుకుని పెరట్లోకి పోయి, కొళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆయన తిట్టే రోజుల్లో ఆమె ఏడవడం నేను చూడలేదు. తిరిగి తిట్టేది.

మధ్యలో గరిటె విరిగింది. మంచం కోడు ఇనుముది, చెక్క ఎన్నాళ్ళు ఆగుతుంది? కొత్తది తేవడానికి ఒక ఆదివారం బస్సెక్కి ఉదయగిరి పోయాను. ఆత్మకూరులోనూ గరిటెలు దొరుకుతాయి గానీ అమ్మ ఒప్పుకోలేదు. మేమున్న ఇంటి ముందు నిలబడ్డాను. వసారాకి ఇనప గ్రిల్లు బిగించి లోపల స్కూటరు పెట్టుకున్నారు. స్తంభానికి రంగు వేశారు. గరిటె దెబ్బలకి పడిన సొట్ట మాత్రం రంగు కింద అట్లాగే ఉంది. కొండ వైపు నుంచి మేకలు వస్తున్నాయి, వాటి వెనక చెవిలో ఫోను పాటలు పెట్టుకుని ఒక నడివయసు ఆయన. ఏమో, చిన్నప్పుడు గోయింగ్ అని అరిచిన వాళ్ళలో ఒకడేమో. అడగాలనిపించి అడగలేక వచ్చేశాను. కొత్త గరిటె నాయన చేతిలో పెడితే ఒకసారి వాసన చూసి కోడు మీద టక్కుమనిపించాడు. పాఠం మొదలయింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో దుత్తలూరులో మా పెద్దమ్మ పోయింది. అమ్మకి ఒక్కతే అక్క. చావుకి వెళ్ళలేదు, నాయన్ని వదిలి కదలనంది. కర్మంతరానికి కూడా పోకపోతే ఎట్లాగని నేనే సర్దిచెప్పాను. బడికి సెలవు పెట్టి వచ్చాను. పొద్దున్నే ఆయనకి ఒళ్ళు తుడిచి, ఉతికిన పంచె కట్టి, ఇడ్లీ తినిపించి బయల్దేరింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "సాయంత్రం పాఠం ఏళకి వచ్చేస్తాను," అంది. నాకు కాదు, ఆయనకి చెప్పింది. ఆయన వీధిలోకి చూస్తున్నాడు.

ఆ రోజు ఆయన సాయంత్రం దాకా ఆగలేదు. అమ్మ వెళ్ళిన కాసేపటికే మొదలుపెట్టాడు. గరిటె నేను ఇవ్వలేదు, అరచేత్తోనే కోడు మీద కొట్టాడు.

"ఐ హర్డ్ హర్..."

నేను మంచం పక్కనే కుర్చీలో ఉన్నాను. "సింగింగ్," అన్నాను.

గుడ్ అనలేదు. మళ్ళీ అన్నాడు. నేను రాగం సరిగ్గా తీయలేదేమోనని ఈసారి బాగా సాగదీసి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నా వైపు చూడనే లేదు. ఎడం మోచెయ్యి పరుపు మీద ఆనించి, మెడ వెనక్కి తిప్పడానికి తంటాలు పడుతున్నాడు. పట్టుకుని కాస్త పక్కకి తిప్పాను. అప్పుడు వంటింటి వాకిలి కనిపించింది ఆయనకి. దాని వైపు చూస్తూ మళ్ళీ అదే సగం.

"ఐ హర్డ్ హర్..."

నాకు అర్థమయింది. లేచి వంటింట్లోకి పోయి, అమ్మ నిలబడే చోట, పొయ్యి పక్కన నిలబడి, అమ్మ లాగే చెప్పాను. లోపలికి తొంగి చూస్తున్నట్టు ఆయన ఒక్క నిమిషం విన్నాడు. తర్వాత కోడు మీద గట్టిగా కొట్టాడు. ఇంకొకసారి. ఆ గొంతు కాదు. గోయింగ్ అని ఎవరంటే వాళ్ళకి గుడ్ అంటాడని అమ్మ అనుకుంది. డాక్టరూ ఇంచుమించు అదే అన్నాడు. నేనూ లోలోపల అదే నమ్మాను. ఆయనకి ఎవరి జవాబు పడితే వాళ్ళ జవాబు అక్కర్లేదు. వంటింట్లో ఉండాల్సిన మనిషి వంటింట్లో లేదని ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె ఎప్పుడూ అక్కడే ఉంది కాబట్టి, ఆమె కోసం వెతికే పని ఆయనకి పడలేదు. అందుకే మాకు తెలియలేదు.

ఈ మాట ఆమెకి వెంటనే చెప్పాలి. ఫోను చేశాను. వంటింటి అలమారులో మోగింది. చార్జింగ్ పెట్టి మర్చిపోయి వెళ్ళింది. మా పెద్దమ్మ కొడుక్కి చేస్తే ఆ గోలలో ఎత్తలేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎత్తాడు.

"భోజనం అయ్యీ కానట్టే బస్సెక్కిచ్చేసినాం. ఉండమంటే ఉండలా," అన్నాడు.

"అమ్మ వస్తాండాది నాయనా, బస్సులో ఉండాది," అని చెవి దగ్గర చెప్పాను. విన్నాడో లేదో. వంటింటి వాకిలి మీద నుంచి చూపు తీయలేదు. మజ్జిగ తాగించబోతే పెదవులు బిగించాడు. ఆ సగం వాక్యం మాత్రం వదల్లేదు. మెల్లమెల్లగా గొంతు తగ్గింది, చెయ్యి కోడు దాకా పోవడం మానేసి పరుపు మీదే కదిలింది. పొద్దు వాలుతుండగా ఒకసారి "ఐ హర్డ్..." అని ఆగాడు. జవాబు కోసం ఆగాడనే అనుకున్నాను. దగ్గరికి వంగి చూస్తే ఊపిరి లేదు.

పక్కింటి వాళ్ళు వచ్చారు. మంచం తీసి, నాయన్ని ముందు గదిలో కింద చాప మీద పడుకోబెట్టారు. వాకిట్లో చెప్పులు పేరుకున్నాయి. అమ్మ ఎక్కిన ఆటో వీధి మలుపు తిరగడం చూశాను. ఆ చెప్పుల్ని చూసి ఆమె ఆటోలోనే కాసేపు ఉండిపోయింది. తర్వాత దిగింది. ఎవరూ పట్టుకోకుండానే నడిచి లోపలికొచ్చింది. ఆయన తల దగ్గర కూర్చుని నుదురు మీద చెయ్యి వేసి, నావైపు తిరిగింది.

"ఏమన్నా అనినాడా?"

ఆడవాళ్ళ శోకాల్లో నా మాట వినపడదేమోనని ఆమె చెవి దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. పొద్దున్నుంచి నిన్నే అడిగాడమ్మా. నేను చెప్తే ఒప్పుకోలేదు. వంటింట్లోకి పోయి చెప్పినా ఒప్పుకోలేదు. మెడ తిప్పుకుని నీ కోసమే చూశాడు. నువ్వని తెలుసమ్మా ఆయనకి. నువ్వు లేవనీ తెలిసింది.

"ఏ పాఠం అడిగినాడు?"

"ఐ హర్డ్ హర్."

"అంటే ఏంది?"

ఇన్నాళ్ళూ జవాబు చెప్పిన మనిషి ఎప్పుడూ అర్థం అడగలేదు. "ఆమె పాడుతుంటే విన్నాను అని," అన్నాను.

అమ్మ చాలాసేపు ఆయన మొహం చూసింది. ఆమె ఏడవకపోవడం చూసి ఆడవాళ్ళు ఆమెని ఏడిపించాలని ఇంకా గట్టిగా ఏడ్చారు. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వంటింట్లోకి నడిచింది. పడిపోతుందేమోనని ఇద్దరు ముగ్గురు వెనక లేచారు. నేను వాకిట్లో చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. చావు ఇల్లు కాబట్టి పొయ్యి వెలగలేదు. మేకుకి కొత్త గరిటె వేలాడుతోంది. ఆమె రోజూ నిలబడే చోట, ఆరిన పొయ్యి పక్కన, గోడ వైపు మొహం పెట్టి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"సిం...గింగ్."

ముందు గదిలో ఏడుపులు ఆగిపోయాయి. ఆ మాట ఏందో వాళ్ళకి అర్థం కాలేదు. అమ్మ అట్లాగే నిలబడి ఉంది. ముందు గది వైపు చెవి పెట్టి ఉంది. ఆమె దేని కోసం ఆగిందో నాకు తెలుసు, ఆ మాట నేను అనొచ్చు, అంటే ఆమె ఒప్పుకోదు. తర్వాత పీట లాక్కుని, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.